చెవిలో డ్రమ్ము, ఎదురుగా బాబాయి

ముప్పై ఏళ్ళుగా ఆ బ్యాండు వాళ్ళు వేసుకునే కోట్లన్నీ టైలరమ్మ చేతి మీదుగా వెళ్ళినవే. బ్యాండు నడిపేది ఆవిడ సొంత అన్నయ్య. పెళ్ళిళ్ళకూ ఆఫీసు పార్టీలకూ వాయిస్తారు. కొలతలివ్వడానికి వచ్చి, టీ తాగుతూ వాళ్ళు చేసే గోల వినీ వినీ ఆవిడ కూడా, అన్నయ్య పక్కన పడేసిన పాత ఎలక్ట్రిక్ గిటార్ చేతికి తీసుకుంది. సూదిపోట్లు తిని మొద్దుబారిన వేళ్ళు కదా, తీగలు కోసుకుపోతాయన్న బాధ లేదు. ఉన్న బాధల్లా ఒక్కటే. అన్నయ్య ఆవిణ్ణి బ్యాండులోకి రానివ్వడు. అడిగినప్పుడల్లా "చూద్దాంలే" అని మాట దాటేస్తాడు.

ఈ ఏడాది రిథమ్ గిటార్ వాయించే అతను ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోయాడు. కొత్తగా ఇద్దరు వచ్చారు, ఇద్దర్నీ అన్నయ్య వద్దన్నాడు. ఇక టైలరమ్మ పట్టిన పట్టు విడవలేదు.

"రెండు నెలలు సాధన చేసి రా. కుదిరితే కుదిరినట్టు. లేదంటే మళ్ళీ జన్మలో ఆ మాట ఎత్తకు," అన్నాడు అన్నయ్య.

సాధన చేయమనడం తేలికే, చేసే చోటేది? ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో కుట్టు మిషను, కత్తిరించిన బట్టలు. వెనక గదిలో బస్సు కండక్టరుగా తెల్లవారుజాము డ్యూటీ చేసొచ్చి మధ్యాహ్నమంతా నిద్రపోయే మొగుడు. గోడకవతల ట్యూషన్లు చెప్పే పంతులమ్మ. అందుకని చిన్న యాంప్లిఫయర్ కొనుక్కుంది. కాలితో నొక్కే పెడల్ రకం, సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది. గిటార్ వైరు ఒక పక్క, హెడ్‌ఫోన్ ఇంకో పక్క. లోపల డ్రమ్ము కూడా ఉంది, మీట తిప్పితే తాళం వేస్తూనే ఉంటుంది.

పెడల్ అన్నారు కదా అని ఆవిడ దాన్ని మిషను కింద పెట్టి, మోటారు పెడల్‌ని తొక్కినట్టే తొక్కడం మొదలుపెట్టింది. తొక్కినప్పుడల్లా శబ్దం ఒకసారి మెత్తగా, ఒకసారి గరగరమంటూ వచ్చేది. మూడు రోజులు తంటాలు పడి షాపాయనకు ఫోన్ చేస్తే, "ఒక్కసారి నొక్కి కాలు తీసెయ్యాలమ్మా, అది కుట్టు మిషను కాదు," అన్నాడాయన. ఆ మాట మొగుడి చెవిన పడింది. ఇక చూసుకోండి, వారం రోజులు అదే పాట.

హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఆవిడకు సంగీతం వినిపించేది, పక్కనున్న ఆయనకు ఉత్త తీగల టిక్కుటిక్కు.

"పాట నేర్చుకుంటున్నావా, బల్లికి చదువు చెబుతున్నావా?" అనేవాడు.

"మీరు పడుకోండి."

అయినా మెచ్చుకోవాలి టైలరమ్మని. యాభై దాటాక, రోజంతా నడుం వంచి కుట్టి, ఆ పైన రెండు గంటలు. ఒక్క రోజు మానలేదు. రెండు నెలలకు డబ్బాలోని డ్రమ్ముతో వెంట్రుకవాసి తేడా లేకుండా వాయించగలిగింది.

రిహార్సల్ ఒక గోదాము పైగదిలో. డ్రమ్ముల దగ్గర బాబాయి. అరవై ఐదేళ్ళవాడు, బ్యాండులో అందరికీ బాబాయే. మొదటి పాట ఎత్తుకున్నారు. పల్లవి దాటేసరికి టైలరమ్మ ఒక దారి, బాబాయి ఒక దారి. మూడుసార్లు మొదలుపెట్టారు, మూడుసార్లూ అంతే. అన్నయ్య తల దించుకుని తన గిటార్ తీగలు సరిచేసుకుంటున్నాడు. చివరికి బాబాయే జాలిపడ్డాడు.

"పాపం, పిల్ల బెదిరిందిరా. వచ్చే ఆదివారం ఇంకోసారి చూద్దాం."

ఆ పిల్లకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొస్తూనే ఫోనులో రికార్డు చేసుకున్న రిహార్సల్‌ని చిన్న యాంప్లిఫయర్‌కి కలిపి విన్నది. అనుమానం లేదు. పాట ఊపందుకున్న చోట బాబాయి పరుగెత్తుతున్నాడు, చరణంలోకి రాగానే చతికిలబడుతున్నాడు.

"తప్పు ఆయనది. ఆదివారం అందరికీ ఇది వినిపిస్తా," అంది మొగుడితో.

"వినిపించు. నీ చోటు నీకు దక్కుతుంది," అన్నాడాయన.

మర్నాడు మిషను మీద బాబాయి కోటే ఉంది, లోపలి బట్ట చిరిగితే ఇచ్చి వెళ్ళాడు. కుడి భుజం దగ్గర అరంగుళం మందాన దూది తగిలింది. ఆవిడే పెట్టింది. డ్రమ్ములు మోసి మోసి బాబాయి కుడి భుజం కిందికి జారింది. ఇన్నేళ్ళుగా ఆ లోటును దూదితో పూడుస్తోంది. అద్దంలో చూసుకుని తన భుజాలు సమంగానే ఉన్నాయనుకుంటాడాయన. ఆవిడ ఏ రోజూ ఆ మాట అనలేదు. కోటు ఒళ్ళోకి తీసుకుని ఆ దూదిని వేళ్ళతో సర్దింది. మనిషి కొలత తీసుకోకుండానే పాట కుట్టేశానే అని సిగ్గుపడింది.

డబ్బాలోని డ్రమ్ము కట్టేసింది. రిహార్సల్ రికార్డు పెట్టుకుని, బాబాయి ఎక్కడ పరుగెత్తుతాడో, ఎక్కడ ఆగుతాడో కాగితం మీద సుద్దముక్కతో గుర్తులు వేసుకుంది. వారమంతా ఆ గుర్తుల వెంట వాయించింది. రెండు నెలలు కష్టపడి తెచ్చుకున్న ఖచ్చితత్వాన్ని వదులుకోవడం, దాన్ని తెచ్చుకోవడం కన్నా కష్టమైంది. బాబాయి పరుగెత్తబోయే ముందే తను అడుగు వేయాలి, ఆగబోయే చోట తను ముందే నెమ్మదించాలి.

ఆదివారం పాట మొదటి నుంచి చివరి దాకా ఒక్కటిగా సాగింది. ఎక్కడా ఆగలేదు. బాబాయి చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

"చూశారట్రా, వారంలో పిల్ల దారికొచ్చింది."

"మీ వెనకే వచ్చాను బాబాయ్," అంది టైలరమ్మ. ఫోను సంచిలోంచి బయటికి తీయలేదు.

అందరూ దిగిపోయాక మెట్ల మీద అన్నయ్య ఆవిణ్ణి ఆపాడు.

"శనివారం పెళ్ళి ఉంది. నాలుగింటికల్లా వచ్చెయ్."

అన్నయ్య ఒక మెట్టు దిగి, మళ్ళీ ఆగాడు.

"ముందొచ్చిన ఇద్దరూ బాగా వాయించేవాళ్ళే. మొదటి పాటకే బాబాయిని తప్పు పట్టారు. పంపించేశాను. నువ్వూ అంతే చేస్తావేమోనని భయపడ్డానే."

"నీకు తెలుసా?"

"ఎప్పట్నుంచో తెలుసు. నాకు చేయి పట్టుకుని నేర్పింది ఆయన. ఆయన తాళాన్ని ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే మోసుకొస్తున్నా చెల్లీ. ఇవాళ రెండో చెయ్యి పడింది."