మా సందులో రాయబారం

అంటే, మళ్ళీ నా మీదికే వచ్చిందన్నమాట! పొద్దున నీళ్ళ ట్యాంకర్ రాలేదు. అంతే, మూడో అంతస్తు ఆంటీ మా బిల్డింగ్ గ్రూపులో, "ఆ రోజు ఆ పిల్ల ఆ వాయిస్ మెసేజ్ వినిపించకపోతే మనకీ గతి పట్టేదా" అని పెట్టింది. కింద వరసగా బొటనవేళ్ళు. జవాబు టైపు చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైపు చేశాను. ఫోన్ మంచం మీదికి విసిరేసి రెండు నిమిషాల్లో మళ్ళీ తీసుకున్నాను. నా జవాబు గ్రూపులో పట్టేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డులు పల్చబడి, ఎల్బీనగర్ ఫ్లైఓవర్లు ఇంకా కనపడని చోట, మెట్రో స్తంభాల వెనక మా సందు. ఎదురెదురుగా రెండు బిల్డింగులు. మా దాంట్లో అందరూ దాదాపు గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చినవాళ్ళు. మాకు పెద్ద మా పెదనాన్న, బ్యాంకులో రిటైరైన మనిషి. పాల ప్యాకెట్ తేవడానికి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. ఎదురు బిల్డింగ్ పెద్దని నేను మామ అంటాను. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి బస్ డిపోలో మెకానిక్‌గా చేశాడు. ఆదివారం చర్చికి తెల్లచొక్కా, మిగతా ఆరు రోజులూ లుంగీ. నేను పుట్టింది ఇక్కడే. ఇంట్లో "ఏంటి" అంటాను, మెట్లు దిగి సందులోకి రాగానే "ఏంది" అంటాను. రెండూ నావే.

మూడేళ్ళ కింద ఎండాకాలంలో సందు మొదట్లో మందు షాపు వస్తోందని తెలిసింది. ఆ సాయంత్రమే రెండు బిల్డింగులూ ఒకటయ్యాయి. ధర్నాకి ఒకే టెంటు, ఒకే చాయ్ ఫ్లాస్కు, అరిచి అరిచి ఒకేలా బొంగురుపోయిన గొంతులు. అదే వారం మా బోరు ఎండిపోయింది. ఎవరూ అడక్కుండానే మామ వాళ్ళ బోరు నుంచి సందు మీదుగా నల్ల పైపు లాగించి మా సంపులో వేయించాడు. పెదనాన్న థాంక్స్ చెప్పబోతే, "నీళ్ళకు గూడ థాంక్సేంది సార్, మనం మనం ఒక్కటే గదా" అన్నాడు. ఎవర్నైనా తూకం వేసి పిలిచే మా పెదనాన్న, ఆ రోజు ఆయన్ని "బావగారూ" అన్నాడు. మామ ఆ పిలుపు తలుచుకుని రెండు రోజులు నవ్వుకున్నాడు. ఇరవై రోజులకి షాపువాళ్ళు ఇంకో చోటు చూసుకున్నారు.

గెలిచాక ఫ్లెక్సీ కట్టకుండా ఉంటామా? మావాళ్ళు కొట్టించిన ఫ్లెక్సీలో పెదనాన్న నడుము దాకా నిలబడి దండం పెడుతున్నాడు. మామ మాత్రం ఒక మూల పాస్‌పోర్ట్ ఫోటో సైజులో ఉన్నాడు. తర్వాతి వారం ఎదురువాళ్ళ ఫ్లెక్సీ లేచింది. అందులో పెదనాన్న లేనే లేడు. అప్పట్నుంచి ఇద్దరూ నేరుగా మాట్లాడుకోవడం మానేశారు. కానీ పైపు ఉంది, మోటారు ఉంది, మాట్లాడక తప్పదు. అలా ఇటు నుంచి నేనూ, అటు నుంచి మామ కూతురూ రాయబారులమయ్యాం. జీతం లేదు, తిట్లు ఉన్నాయి.

"సంపు నిండినంక మోటరు బంద్ చేయిస్తడా లేదా అడుగు మీ పెదనాయనను. మా బోరు కాలిపోతే ఎవడు దిక్కు?" అనేవాడు మామ. నేను పైకొచ్చి, "మోటారు వేడెక్కుతోందేమో కాస్త చూడమన్నారు" అని చెప్పేదాన్ని. "బస్సులు బాగుచేసినాయనకి మోటారు సంగతి తెలీదా!" అని పెదనాన్న ఎగిరేవాడు. సందు దాటేసరికి అది "మీకు తెలియనిదేముంది అన్నారు" అయ్యేది. రాత్రి మామ కూతురు ఫోన్ చేసేది. "ఇయ్యాల మా నాయన ఏమన్నడో చెప్పాల్నా?" "వద్దే తల్లీ, ఇనకుంటేనే మంచిగ చెప్పొస్తది." మూడు నెలలు మా ఇద్దరి అబద్ధాల మీదే ఆ పైపులో నీళ్ళు వచ్చాయి.

ఒక సాయంత్రం ఆఫీసులో గొడవపడి, ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ముప్పావుగంట ఇరుక్కుని ఇంటికొచ్చాను. ఫోన్‌లో మామ వాయిస్ మెసేజ్ ఉంది. చెప్పులు విప్పకముందే పెదనాన్న, "ఏమంటాడు ఆయన?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మీరే వినండి" అని ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను.

"బిడ్డా, ఊకె నువ్వు పైకీ కిందికీ తిరుగుడెందుకు? మీ పెదనాయనను జర మా ఇంటికి తోలు. కూసోని మాట్లాడుకుంటం."

మామ ఊళ్ళో తోలడమంటే పంపడం. మా పెదనాన్న ఊళ్ళో తోలేది గొడ్లని.

"తోలాలా? నన్నా? నేనేమన్నా గేదెనా?"

అలా అంటూనే కిందికి దిగి, సంపులోంచి పైపు లాగి, చుట్ట చుట్టి వాళ్ళ గేటు ముందు పడేశాడు. ఇస్త్రీ చొక్కా నిండా నీళ్ళు. మామ బాల్కనీలోంచి వంగి, "ఏమైంది సార్?" అన్నాడు. మూడు నెలల తర్వాత ఆయన నేరుగా అడిగిన మొదటి మాట. పెదనాన్న తలెత్తలేదు.

నేను వెనకే పరిగెత్తాను. "పెదనాన్నా, అది తిట్టు కాదు. కూతుర్ని అత్తారింటికి పంపినా వాళ్ళు తోలినమనే అంటారు."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నానమ్మా. ఆ మాట నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు.

"మరి?"

చాలాసేపు తుడిచిన చేతులే తుడిచాడు. "ఫ్లెక్సీలో ఫోటోల సైజు చెప్పింది నేనే. వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంటే, అది ఒప్పుకోవాలిగా."

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆయన పరువు పోతుంది, చెప్పకపోవడం వల్ల నాది రోజూ పోతోంది. మామ కూతురూ నేనూ ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటాం. ఇటు నుంచి అటు మోయడానికి మాత్రం ఏమీ లేదు. ఇరవై రోజుల్లో గెలిచిన యుద్ధాన్ని అందరూ మర్చిపోయారు. ఆ ఇరవై రోజుల్లో పుట్టిన చుట్టరికం మాత్రం మూడేళ్ళు కావస్తున్నా పూర్తిగా చావలేదు: మామ ఎదురైతే పెదనాన్న నడక ఇప్పటికీ కాస్త నెమ్మదిస్తుంది, ఆ తర్వాతే తల తిప్పుకుంటాడు. కాలం అన్నీ సర్దుతుందనేవాళ్ళు ఒక్కసారి మా సందులో నిలబడి చూడండి. అర్థం తెలియనివాళ్ళకి నేను చెప్పగలను. తెలిసి తెలిసీ నొచ్చుకున్న మనిషికి అర్థం చెప్పగల రాయబారి ఎక్కడైనా ఉన్నారని మీలో ఒక్కరైనా ఒట్టేసి చెప్పగలరా?