మా అత్తయ్య మడత కుర్చీ

మా అత్తయ్య గడప దాటిందంటే వెంట ఓ కుర్చీ ఉండాల్సిందే. పెళ్ళికైనా, పరామర్శకైనా, పళ్ళ డాక్టరు దగ్గరికైనా సరే, గళ్ళగుడ్డ తొడుగేసిన ఆ మడత కుర్చీ లేకుండా కదలదు. మోకాళ్ళ నొప్పులట, పరాయి కుర్చీలు పడవట. అవే మోకాళ్ళతో తన దర్జీ కొట్లో సాయంత్రాలన్నీ మిషను తొక్కుతుందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

ఓసారి బస్సులో కండక్టరు కుర్చీకీ టిక్కెట్టు తీసుకోమన్నాడు. సీట్లో కూర్చోకుండా నిలబడి వచ్చేదానికి టిక్కెట్టేమిటని అత్తయ్య వాదన. దిగాల్సిన చోటు దాటిపోయింది గానీ వాదన తెగలేదు. తిరిగొచ్చేటప్పుడు దాన్ని మోసింది నేను. మేనల్లుళ్ళు ఉన్నదే అందుకని ఆవిడ నమ్మకం.

ఎక్కువ నొచ్చుకునేది మా అమ్మ. ఆడపడుచు ఇంటికొచ్చి సొంత కుర్చీ వేసుకుంటే ఏ మరదలికైనా తల కొట్టేసినట్టుంటుంది. "మా కుర్చీలకి ముళ్ళున్నాయా వదినా?" అని అడిగేది. మోకాళ్ళ కథ మళ్ళీ మొదలయ్యేది.

అత్తయ్య కొట్టు పక్కన ఇస్త్రీ బండి ఆవిడ కూతురు చిట్టి. గడుగ్గాయి. మాటల్లో దాన్ని ఎవరూ నెగ్గలేరు. పాపం, నడుం మాత్రం నిలవదు. బెల్టులున్న కుర్చీ ఉంటే నిటారుగా కూర్చుని రాసుకుంటుంది. అలాంటి కుర్చీల కోసం సర్కారు ఏటా డబ్బిస్తుంది. బడికి మాత్రం ఒక్కటీ రాలేదు. అత్తయ్య పొద్దుటిపూట తోడు కూర్చుంటానని పూచీ పడబట్టి చిట్టిని ఈ ఏడు రానిచ్చారు. కుర్చీ రాకపోతే వచ్చే ఏడు చేర్చుకునేది లేదని హెడ్మిస్ట్రెస్ తేల్చేసింది.

విద్యాశాఖ ఆఫీసుకి అత్తయ్యా, నేనూ, కుర్చీ తిరిగాం. ఎప్పుడెళ్ళినా ఫైలు నడుస్తోందనేవాడు గుమాస్తా.

"మీ ఫైలు బాగానే నడుస్తోంది నాయనా. మా పిల్లే కూర్చోలేకపోతోంది" అంది అత్తయ్య ఓరోజు.

ఆరోజే మీటింగు హాలు తలుపు తీసి ఉంది. లోపల మెత్తటి కొత్త కుర్చీలు, గిర్రున తిరిగేవి, మీద కవర్లు కూడా తీయలేదు. బాగున్నాయే అంటే అటెండరు మురిసిపోయాడు. ఇలాంటి పిల్లల బాగోగుల మీద మీటింగులకని, ఆ పిల్లల నిధుల్లోంచే కొన్నారట. నాకు ఒళ్ళు మండిపోయింది. కంచే చేను మేయడమంటే ఇదే. పసిపిల్లల నడుముకి ఆసరా ఇమ్మన్న డబ్బుతో వీళ్ళ నడుములకి మెత్తలు వేసుకున్నారు! అత్తయ్య మాత్రం మీటింగు ఎప్పుడని అడిగి ఊరుకుంది.

మీటింగు రోజున ఆఫీసరుగారు వచ్చేసరికి హాల్లో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. అన్నిట్లోనూ అత్తయ్య పోగుచేసుకొచ్చిన, చిట్టిలాంటి పిల్లలు. జారిపోకుండా పట్టుకుని వెనకాల తల్లులు. చిట్టి అధ్యక్షుల కుర్చీలో గిరగిరా తిరుగుతూ పకపకా నవ్వుతోంది.

"ఏమిటండీ ఇదంతా?" అన్నాడాయన.

"వీళ్ళ డబ్బుతో కొన్న కుర్చీలు కదా బాబూ, కూర్చుని చూస్తున్నారు. పాపం, మీరు నిలబడ్డారేం? ఇందులో కూర్చోండి."

అత్తయ్య తన కుర్చీ విప్పి వేసింది. సొంత తమ్ముడికి కూడా ఇవ్వని కుర్చీ! ఆయన కూర్చున్నాడు, ఏదో గుచ్చుకుని లేచాడు. తొడుగు కిందినుంచి బకిల్సున్న బెల్టులు రెండు బయటికొచ్చాయి.

"అవి చిట్టివి. కుర్చీ కూడా దానిదే, నాది కాదు" అంది అత్తయ్య.

అసలు సంగతి దారిలో చెప్పించాను. ఈ కుర్చీకి బెల్టులు కుట్టి మొదటిసారి బడికి తీసుకెళ్ళినప్పుడు, బయటి సామాను రూలు ఒప్పుకోదని హెడ్మిస్ట్రెస్ వెనక్కి పంపిందట. ఒక పిల్ల కూర్చోడానికి అడ్డొచ్చే రూలు ఏం రూలో!

"మోకాళ్ళ నొప్పుల ముసలిది తన కుర్చీ తను తెచ్చుకుంటే ఎవరు కాదంటారురా? కాకపోతే ఊరంతా మోసుకు తిరిగితే గానీ నమ్మరు" అంది.

అంటే పొద్దుటిపూటంతా కుర్చీలో చిట్టి, పక్కన నేలమీద మా అత్తయ్య. ఆ మోకాళ్ళకి ఏ నొప్పీ లేదు.

ఇకమీదట ప్రతి మీటింగుకీ వస్తామని తల్లులంతా చెప్పాక, నడిచే ఫైలు పరుగందుకుంది. బడికి బెల్టుల కుర్చీలొచ్చాయి. చిట్టి పై క్లాసుకెళ్ళింది. అత్తయ్య ఉత్త చేతులతో మా ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుంది. అమ్మ కంగారుగా కాఫీ తెచ్చింది.

"కుర్చీ ఏది వదినా?"

"ఇవాళ్టికి అవతలి బడిలో వదిలొచ్చాను. అక్కడ ఫైలు ఇంకా నడుస్తోందట. పిల్లలేమో ఇద్దరు, కుర్చీ ఒకటి." కాఫీ తాగుతూ మా అమ్మని ఎగాదిగా చూసింది. "ఏమమ్మాయ్, నీకూ మోకాళ్ళ నొప్పులు వచ్చే వయసేగా?"

మొన్న ఓ పెళ్ళికి వెళ్ళాం. నేను రెండు కుర్చీలు మోశాను.