పాడె ముందు నాయన పద్యం

మొన్న హైటెక్ సిటీలో, మేఘాలు పక్కకు ఒదిగి దాటవలసినంత ఎత్తున్న ఒక అద్దాల మేడలో, పాట సాహిత్యమా కాదా అని చర్చ పెట్టి, జుట్టు నెరిసినవాణ్ణి కదా అని నన్నూ పిలిచారు. నా వంతు రాకముందే లేచి వచ్చేశాను. ఆ సంగతి మా ఇంట్లో డెబ్బైల మొదట్లోనే తేలిపోయింది. తేలిన తీరు మైకులో చెప్పేది కాదు.

మన ఈడువాళ్లకు తెలుసు, అప్పుడు ఇదంతా బండలూ గుట్టలే. మాది ఆ పక్కనే నార్సింగి. నాయన తెలుగు పంతులు. ఆయనొక సమాసం మొదలుపెడితే గోల్కొండ దాకా నడిచి వెళ్లి వచ్చినా ముగిసేది కాదు. అమ్మ మాత్రం విసురుతూ, చెరుగుతూ, ఆఖరికి మమ్మల్ని తిడుతూ కూడా అప్పటికప్పుడు పాట కట్టి పాడేది. ఛందస్సు లేనిది సాహిత్యం కాదనీ, పండితుడి ఇంట్లో ఈ కూతలేమిటనీ నాయన ఏళ్ల తరబడి సణిగితే, చివరికి మానేసింది. ఇల్లు ఎంత మూగబోయిందంటే, బల్లి నడిస్తే పక్కింటివాళ్లు ఉలిక్కిపడేవారు.

ఆ ఏడే, అదే వాడలో ఉండే అమ్మమ్మ పోయింది. మా వైపు కన్నకూతురు రాగం తీసి, పోయినామె బతుకంతా పాటగా చెప్పుకుని ఏడవాలి. అప్పుడే పాడె లేపుతారు. అమ్మ ఒక్కతే కూతురు. తల్లి తలాపున కూర్చుంది గానీ నోరు పెగల్లేదు.

"ఏడువు బిడ్డా, మీ అమ్మ ఇగ మల్ల రాదు," అని ముసలమ్మలు వీపు నిమిరారు. అమ్మ పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. గుట్టలకే చెమటలు పట్టే ఎండ. కన్నతల్లి మీద ప్రేమే లేదని జనం గొణగసాగారు. అది వినలేక నాయన లేచి, గొంతు సవరించుకుని, తానే ఒక పద్యం ఎత్తుకున్నాడు. యతీ ప్రాసా నిక్షేపంగా కుదిరాయి. ఒక్క కన్నూ తడవలేదు.

"అల్లుడా, జర ఆగు," అంది అమ్మమ్మ చెల్లెలు. "సదువుతున్నవ్ గని, సచ్చింది మా అక్కనా, ఏ రాజు పెండ్లామా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నాయన ఊరంతా చూస్తుండగా అమ్మ ముందు కూలబడ్డాడు.

"నీ కాళ్లు మొక్కుత, జర పాడవే."

అమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"యాదికొస్తలేదు," అంది.

పాట లేకుండానే పాడె లేచింది. తరవాత నాయన పద్యం జోలికి పోలేదు. అమ్మ కూనిరాగమైనా తీస్తుందేమోనని వంటింటి గడప దగ్గర చెవులు రిక్కించుకుని కూర్చునేవాడు. గిన్నెల చప్పుడే వినిపించేది.

ఇప్పుడా గుట్టలు లేవు, నాయనా లేడు. నిరుడు అమ్మ కూడా పోయింది. శవవాహనంలో పెట్టిన యంత్రం దానంతట అదే ఏదో భజన పాడుతుంటే, పాడాల్సిన మా అక్కచెల్లెళ్లతో సహా అందరం తలలు వంచుకుని విన్నాం. అందులో అమ్మ గురించి ఒక్క మాట కూడా లేదు.