చేపల గంపలో మాత్రలు

ఆస్పత్రి వరండాలో నిలబడితే అకెయోది పెద్ద నోరు. "నాకూ హెచ్‌ఐవి ఉంది. మందులు ఒక్కపూట మానలేదు, అందుకే నా కూతురికి అంటలేదు. చూడండి, గుండ్రాయిలా ఉంది! ఇందులో సిగ్గుపడాల్సిందేముందమ్మా?" అని కడుపుతో వచ్చిన ఆడవాళ్లకు ధైర్యం నూరిపోసేది. అదే ఆమె ఉద్యోగం. సరస్సు ఒడ్డున చేపలమ్మే చోట మాత్రం ఆ నోరు పెగిలేది కాదు. సంగతి తెలిస్తే ఆమె చేతి చేప ఎవరు కొంటారు?

కరోనా వచ్చి బస్సులు ఆగిపోయాయి. గర్భిణుల మందులు ఇళ్లకే చేర్చమని నర్సు చెప్పింది. అకెయో బుర్రకు పదును పెట్టింది. డబ్బాలో అయితే గలగలమంటాయని మాత్రలను గుడ్డలో మూటకట్టి, ఒమెనా ఎండుచేపల కింద దాచి, గంప నెత్తికెత్తుకుంది. చేపలమ్మేదాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఆ వరండాకు వచ్చే అవీనోకు నెలలు నిండుతున్నాయి. ఆమె జబ్బు సంగతి మొగుడికి తెలుసు, అత్త రోసాలియాకు తెలియదు. రోజూ మాత్ర పడితేనే కడుపులో బిడ్డకు అంటకుండా ఉంటుంది. ఇంట్లోనేమో మాత్రలు నిండుకున్నాయి.

అకెయో వాకిట్లోకి రాగానే అవీనో ఎదురొచ్చి గంప అందుకుందో లేదో, "ఏం తెచ్చిందే? ఇటు పట్రా!" అని అత్త కేకేసింది. వేరు పొయ్యి పెట్టని కోడలికి ఏ సరుకొచ్చినా ముందు అత్త వంటింట్లోకే వెళ్లాలి. తనూ లువో తెగవాళ్ల ఇంట పుట్టి, అలాంటి పొయ్యి ముందే మసిబారిన అకెయోకు ఈ సంగతి తెలియదా! తన తెలివికి తానే మురిసిపోయి మరిచిపోయింది.

రోసాలియా చేపల్ని చేటలో కుమ్మరించింది. మూట బయటపడింది.

"ఇదేంటి?" అని విప్పింది. పక్కింటి పెరెస్ మెడ సాచింది. "చేపలతో పాటు మందులు కూడా అమ్ముతున్నావా ఏంటి అకెయో?"

నావే అంటే సరిపోయేది. ఆ ఒక్కమాటతో అవీనో గండం గడిచేది. అకెయో చేటకు ఎడంగా జరిగింది.

"నాకేం తెలుసు? సరుకు కొన్నచోట ఎవరో పడేసుకుని ఉంటారు."

"అయితే పొయ్యిలో పడేస్తా. పిల్లలు నోట్లో వేసుకోగలరు."

"వద్దత్తా! అవి నావే." అవీనో కళ్లు దించలేదు. "హెచ్‌ఐవి మందులు. బిడ్డకు అంటకుండా వేసుకుంటున్నా."

రోసాలియా మూటను పొయ్యికి దూరంగా జరిపింది. తర్వాత ఒక్కొక్క మాత్రకూ అంటిన పొలుసు ఊదుతూ అడిగింది. "ఇవి నీళ్లతో మింగాలా, పాలతోనా?"

జవాబు చెప్పాల్సిన మనిషి అకెయోయే. ఆమె గంప కూడా వదిలేసి బయటపడింది. ఛీ, ఇదేనా నేను నూరిపోసిన ధైర్యం అని దారంతా తనను తాను తిట్టుకుంది. ఆ తర్వాత వరండాలో నోరు తెరవాలంటే ఆమెకు మొహం చెల్లలేదు.

అవీనో ఆస్పత్రిలోనే ప్రసవించింది. ఆడపిల్ల. మొదటి పరీక్షలో అంటలేదని తేలింది. రోసాలియా కబురు మీద కబురు పెట్టింది. చెప్పడానికి సాకులు మిగలక అకెయో వెళ్లింది.

"రా, నీ పేరుదాన్ని చూసుకో. అకెయో అని పెట్టాం," అంది రోసాలియా.

అకెయో గుమ్మంలోనే ఆగిపోయింది. "నా పేరా? ఆ రోజు నేను..."

"నువ్వు వరండాలో చెప్పిన మాటలే కదక్కా ఆ రోజు నాకు ధైర్యమిచ్చినవి," అంది అవీనో. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉన్నా బాగుండేది. అకెయోకు ఆ గుమ్మంలోనే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

పెరెస్ కూడా అక్కడే ఉంది. అకెయో తలొంచుకునే అంది. "ఆ మందులు నేనూ మింగుతున్నా."

"ఏంటమ్మా ఆ గొణుగుడు? మూతికి మాస్కేసుకుని నసిగితే ఎవరికి వినపడుద్ది?" అంది పెరెస్.

అకెయో పసిదానికి దూరంగా వాకిట్లోకి జరిగి, మాస్కు కిందికి లాగి, వీధికంతా వినబడేలా మళ్లీ చెప్పింది.