నిమ్మళంగా తిరిగిన ప్లేటు

తెలంగాణ రాష్ట్రం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నల్గొండలో ఆదివారం మధ్యాహ్నం ఏ ఇంటి ముందు నుంచి నడిచినా టీవీ మోతే వినిపించేది. మా ఇంట్లోంచి మాత్రం సముద్రాల అవతలి మనిషెవరో బాకా ఊదుతున్న చప్పుడు వచ్చేది. "ఇంట్ల ఎవరికన్న పానం బాగలేదా?" అని దారిన పోయేవాళ్లు ఆగి అడిగేవాళ్లు. (అంత దీర్ఘంగా, అంత దిగులుగా ఉండేది ఆ బాకా.) అటువంటి ఆదివారాలు దేవుడు నాకెందుకిచ్చాడో ఇప్పటికీ తెలియదు. అడిగి తెచ్చుకున్నవి కావు గనక దండం పెట్టుకోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

చిన్నప్పటి ఆయాసం వల్ల నేను బడికి పోలేదు. ఇంట్లో కూర్చోబెట్టి మా చిన్నాయనే నాకు చదువు చెప్పాడు. ఆయన మగ్గం వదిలి బట్టల దుకాణంలో కుదిరినా, చిన్నమ్మ మాత్రం మా నాయిన మగ్గానికి రాట్నం మీద నూలు కండెలు చుడుతూనే ఉండేది. ఒకసారి సరుకు కోసం హైదరాబాద్ పోయిన చిన్నాయన, పాత సామాన్ల బజారు నుంచి ఒక రికార్డు ప్లేయరునూ, దానితోపాటు ఎవరూ ముట్టని జాజ్ అనే అమెరికా సంగీతం ప్లేట్ల కట్టనూ మోసుకొచ్చాడు. (సినిమా పాటల ప్లేట్లు అప్పటికే అమ్ముడుపోయాయట. మా ఇంటికి జాజ్ వచ్చిన దారి అది.) తీరా చూస్తే ప్లేటును తిప్పే రబ్బరు బెల్టు తెగిపోయి ఉంది. "దీనికి గింత ఫికరెందుకు?" అని చిన్నమ్మ తన రాట్నానికి వేసే నూలు తాడునే కొలిచి, ముడివేసి తొడిగింది. ప్లేటు తిరిగింది.

చిన్నాయనకు ఒంటరిగా వింటే తృప్తి ఉండేది కాదు. గడియారాల దుకాణం చాచా, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన సారు తోడయ్యారు. ఎక్కడెక్కడి నుంచో తలా కొన్ని ప్లేట్లు తెచ్చేవారు. అన్నిటిలోకీ మా కట్టలోని ఒక ప్లేటు మీదే తగువు ఎక్కువ. దాని అట్ట ఎప్పుడో పోయింది, నడుమ కాగితం చెరిగిపోయింది. కాబట్టి ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకోవచ్చు.

"తల్లి సచ్చిపోయిన కొడుకు ఊదుతున్నడు గిది," అనేవాడు చిన్నాయన.

"కాదయ్యా, పొద్దుగూకేటప్పటి ప్రార్థన ఇది," అనేవారు సారు.

"మీ ఇద్దరికి చెవులున్నయా అసలు? స్టేషన్ల రైలు కదులుతాంది. పోయేటోళ్లు పోతున్నరు, వీడు ఒక్కడే నిలబడ్డడు. జర కండ్లు మూసుకొని వినుండ్రి!" అని చాచా జేబులోంచి రుమాలు తీసేవాడు.

నేను చాయ్ ఇవ్వడానికి వచ్చి గడప దగ్గరే కూర్చుండిపోయేదాన్ని. ఒకసారి ఉత్సాహం కొద్దీ ఫోనులో జాజ్ వెతికి వినిపించాను. అది గంతులు వేస్తూ వచ్చింది. ముగ్గురూ మొహాలు చిట్లించారు. "డాటా మిగులుతదని ఉరికిస్తరు బిడ్డా గీ ఫోనోళ్లు," అని చిన్నాయన తేల్చేశాడు. "అసలైన జాజ్‌కు తొందర ఉండదమ్మా," అని సారు ముద్ర వేశారు. నేను నమ్మాను. (నాకు చదువు చెప్పింది చిన్నాయనే కదా, నమ్మక ఏం చేస్తాను?)

ఆ ప్లేటు మొదలవగానే పక్క అర్రలో చిన్నమ్మ రాట్నం కూడా నెమ్మదించేది. ఆ వరుసనే గొంతులో తీస్తూ కండె చుట్టేది. ఒక ఎండాకాలం జ్వరంతో పెద్ద దవాఖానకు పోయి, మళ్లీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత చిన్నాయన రోజూ దుకాణం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని ఆ ఒక్క ప్లేటూ పెట్టుకునేవాడు. అది అయిపోయే వేళకు నేను మా కులదైవం మార్కండేయుడి పటం ముందు దీపం వెలిగించేదాన్ని. రెండూ ఒకే పూజలోవి అనిపించేవి నాకు.

ఒక ఆదివారం వాదన మంచి పట్టులో ఉండగా ప్లేయరులో తాడు పుటుక్కున తెగింది. "నేను కడుత," అన్నాను గొప్పగా. చిన్నమ్మ దగ్గర నేర్చుకున్న పనే మరి. కొత్త నూలు పేని, మైనం రుద్ది, ఎక్కడా వదులన్నది లేకుండా బిగించి తొడిగాను. తెగిన తాడును పారేయబుద్ధి కాలేదు. అది చిన్నమ్మ వేసిన ముడి. దేవుడి గూట్లో కుంకుమ భరిణె వెనక పెట్టాను.

చిన్నాయన సూది ఆనించాడు. బాకా ఎగిరి దూకింది! దాని వెనక పియానో, ఆ వెనక డోళ్లు, ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. (వదులైన పాత తాడు ఇన్నాళ్లూ ప్లేటును నెమ్మదిగా తిప్పిందన్నమాట.)

"అరె భాయ్, ఇది బరాత్!" అన్నాడు చాచా.

"అంటే ఇన్నేండ్ల సంది మనం పెండ్లి ఊరేగింపు ముంగట కూసోని ఏడ్చినమా?" అన్నారు సారు.

"నేనైతె రుమాలు గూడ తడిపిన!"

"మరి మీ రైలేమాయె చాచా?" అన్నాను.

"పోయింది బేటీ. గింత స్పీడు మీదుంటె ఎవరెక్కుతరు!"

కడుపు నొప్పి పుట్టేలా నవ్వాం. (ఫోనోళ్లకు మనసులోనే క్షమాపణ కూడా చెప్పుకున్నాను.) నవ్వు తగ్గాక చూస్తే చిన్నాయన నవ్వడం లేదు. "మంచిగ కట్టినవ్ బిడ్డా," అని నా తల నిమిరి లోపలికి పోయాడు.

తరువాతి ఆదివారం "నెత్తి నొస్తాంది" అని స్నేహితులను వాకిట్లోంచే పంపించేశాడు. ఆ పై ఆదివారమూ అంతే. ఒక సాయంత్రం నేను దీపం పెట్టబోతూ చూశాను. ప్లేయరు ముందు కూర్చుని, తిరుగుతున్న ప్లేటు అంచు మీద వేలు ఆనించి, దాన్ని మెల్లగా నడిపించాలని తంటాలు పడుతున్నాడు. గట్టిగా ఆనిస్తే బాకా మూలుగుతోంది, వేలు తేలిస్తే పరుగెత్తుతోంది.

"దొరుకుతలేదు బిడ్డా," అన్నాడు నా వైపు చూడకుండానే. "మీ చిన్నమ్మ తీసినట్టు వస్తలేదు."

వెంటనే దేవుడి గూట్లోంచి పాత తాడు తీశాను. తెగిన కొసలు చేర్చి నేల మీద పరిచి, సరిగ్గా అంత పొడుగే కొత్తది పేనాను. మైనం రుద్దలేదు. ముడివేస్తూ మొక్కుకున్నాను: "స్వామీ, బిగించి కట్టే బుద్ధి ఇచ్చినవు. గీ ఒక్కసారికి వదులుగ కట్టే బుద్ధి గూడ ఇయ్యి."

బాకా దీర్ఘంగా, నిమ్మళంగా లేచింది. చిన్నాయన కళ్లు మూసుకున్నాడు. పక్క అర్రలో చిన్నమ్మ రాట్నం ఆగిన చోటు నుంచే వరుస మళ్లీ అందుకున్నట్టు అనిపించింది నాకు. ప్లేటు అయిపోయాక సూది ఎత్తిపెట్టి అన్నాడు: "చాచాకు ఫోన్ చెయ్ బిడ్డా. ఆదివారం రమ్మను. సారును గూడ."

ఆదివారం ప్లేటు మొదలవగానే సారు, "తాడు మళ్లా వదులై—" అనబోయారు. చాచా మోచేత్తో పొడిచాడు.

"సప్పుడు చెయ్యకుండ్రి సార్. రైలు కదులుతాంది."

సారు ఒక్క క్షణం చిన్నాయన మొహం చూశారు. గొంతు సవరించుకున్నారు. "రైలు కాదయ్యా, ప్రార్థన అని ఎన్నిసార్లు చెప్పాలె నీకు!"

"ప్రార్థన ఏంది సార్? తల్లి సచ్చిపోయిన కొడుకు," అన్నాడు చిన్నాయన. నేను చాయ్ పెట్టడానికి లేచాను.

ఇప్పుడు చిన్నాయన లేడు. ఆ ప్లేయరు కేతేపల్లిలో, మా అత్తగారింట్లో, నా దేవుడి గూటి పక్కన ఉంది. మొన్న కంటి దవాఖాన పని మీద హైదరాబాద్ పోయి, మా ఆయనా నేనూ ఒక చల్లని హోటల్లో కూర్చున్నాం. ఉన్నట్టుండి పైన స్పీకర్లోంచి అదే బాకా, తన అసలు వేగంతో! చుట్టూ అందరూ కాళ్లు ఆడిస్తున్నారు. నాకేమో, "నిన్నెవరు తరుముతున్నరు నాయినా? జర కూసో," అని ఆ ఊదేవాడికి చెప్పాలనిపించింది.

"ఏంది, నీలో నువ్వే నవ్వుతున్నవ్?" అన్నాడు మా ఆయన.

గడప దగ్గర కూర్చుని, ఎంత బిగించి కట్టానో అని మురిసిపోయిన ఒక పిల్ల గుర్తొచ్చిందని ఆయనకెట్లా చెప్పను? "ఏం లేదు," అన్నాను. ఇంటికొచ్చి, దీపం పెట్టి, ప్లేయరు తాడు వదులుగానే ఉందో లేదో ఒకసారి వేలితో చూసుకున్నాను.