ఆరో నంబరు ప్రశ్న

నా తెలుగు గొప్పది కాదు. ఇరవై రెండేళ్ళుగా బహ్రెయిన్‌లో హిందీతోనూ అరబ్బీ ముక్కలతోనూ పని గడుపుకుంటున్నవాడిని. నాకు వచ్చిన కాస్త తెలుగు కూడా పగలు ఇటుక బట్టీలో పనిచేసి, సాయంత్రం రాత్రి బడికి వెళ్ళి నేర్చుకున్నది. ఇందులో తప్పులుంటే పాఠకులు మన్నించాలి. వాటిని దిద్దవలసిన మనిషి పోయిన శుక్రవారం చనిపోయారు.

ఆయన మా నియోజకవర్గానికి రెండుసార్లు శాసనసభ్యులు. అంతకుముందు మా ఊరి రాత్రి బడి పంతులు. నాకు పదో తరగతి పాసయ్యే ధైర్యం ఇచ్చినవారు. ఎమ్మెల్యే అయ్యాక కూడా నేను ఆయనను సారు అనే పిలిచాను.

కబురు వచ్చేసరికి నువైద్రాత్‌లోని మా కార్మికుల క్యాంపు గదిలో మధ్యాహ్నం అన్నం తింటున్నాం. ఫోన్‌లో దండ వేసిన ఫోటో, దాని కింద రెండు వరుసలు. మా నియోజకవర్గం గ్రూపులో అప్పటికే చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. నా పక్క మంచం రాజన్న, మా పక్క ఊరివాడు, ఫోటో చూసి చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"మంచోడేనే. గని ఎమ్మెల్యే పని మాత్రం రాకపాయె," అన్నాడు.

నాకు చాలా కోపం వచ్చింది. ఆ మాట పూర్తిగా అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదు.

సారు చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది. రాత్రి బడిలో మాకు ఆయన పద్యాల కంటే ముందు అర్జీ రాయడం నేర్పారు. "అర్జీ కాగితానికి ఒక్క దిక్కే ఉండాలె. రెండో దిక్కు ఎవ్వడు తిప్పడు. ఎడమ పక్క మార్జిన్ విడువు, దిద్దెటోనికి జాగ కావాలె," అనేవారు. నేను ఎంతో భక్తిగా రాసిన 'తమ పాదపద్మములకు' అనే మాటను అడ్డంగా కొట్టేసి, నీకు రావలసింది అడగడానికి కాళ్ళెందుకని అడిగారు. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఇప్పటివరకు ఎవరికీ నేను అలా రాయలేదు.

ఆ అలవాటే రాజకీయాల్లో ఆయనకు అడ్డం వచ్చింది. పొద్దున్నే ఇంటికి వచ్చే జనాన్ని కూర్చోబెట్టి, వారి అర్జీలను పెన్సిల్‌తో దిద్ది, మళ్ళీ రాసుకురమ్మని పంపేవారు. ఎదుటి పార్టీ నాయకుడు చదవకుండానే సంతకం పెట్టి భుజం తట్టేవాడు. జనం ఏ ఇంటికి వెళ్తారో చెప్పనక్కరలేదు. వచ్చేది ఓటర్లు, బడి పిల్లలు కారని అనుచరులు మొత్తుకునేవారు. ఆయన వినలేదు. తప్పుల అర్జీ చూసి ఆఫీసరు నవ్వేది నన్ను చూసి కాదు, రాసినవాణ్ణి చూసి అనేవారు. మధ్యలో ఒకసారి పార్టీ మారారు. రోడ్డు కోసం అన్నారు. రోడ్డు సగమే వచ్చింది. అది నేను సమర్థించను. ఆ మాట ఫోన్‌లో ఆయనతోనే అన్నాను.

క్యాంపులో మావాడెవడైనా చనిపోతే కాగితాల పని నా మీద పడుతుంది, చదువుకున్నవాడినని. ఇక్కడ అడిగితే అక్కడ అడగమంటారు, అక్కడ అడిగితే ఇక్కడ. ఊళ్ళో ఆ ఇంటివాళ్ళకు ఎవరిని అడగాలో కూడా తెలియదు. అందుకని శాసనసభలో అడగడానికి ఒక ప్రశ్న రాసి సారుకు పంపాను. ఆయన నాలుగుసార్లు దిద్ది, ఫోటోలు తీసి పంపారు. సంవత్సరం గడిచింది. ఆ నిదానానికి నేను పళ్ళు కొరుక్కున్నాను. చివరికి ప్రశ్న ఇలా నిలిచింది: గల్ఫ్‌లో మరణించిన కార్మికుని శవం ఇల్లు చేరేవరకు ఆ కుటుంబానికి జవాబు చెప్పవలసిన అధికారి ఎవరు?

అది సభ జాబితాలో ఆరో నంబరుగా వచ్చింది. మంత్రి జవాబు ఎలాగూ నీళ్ళ మాటే అవుతుందని, అసలు బలం ఆ తర్వాత లేచి అడిగే అనుబంధ ప్రశ్నల్లో ఉందని సారు చెప్పారు. వాటిని కూడా నేనే రాసి పంపాను, మూడు.

అదే వారం మా క్యాంపులో లచ్చయ్య అనే మేస్త్రీ పనిలోనే గుండె ఆగి చనిపోయాడు. కాగితాలన్నీ నేనే నడిపించి పంపాను. శవపెట్టె హైదరాబాదు చేరింది సరిగ్గా ఆ ప్రశ్న వచ్చే రోజునే. పొద్దున లచ్చయ్య బామ్మర్ది విమానాశ్రయం నుంచి ఫోన్ చేశాడు. పాస్‌పోర్టులో ఒక ఇంటిపేరు, ఇంటి కాగితాల్లో ఇంకొకటి, పెట్టె ఇవ్వడం లేదన్నాడు. నేను సారుకు ఫోన్ చేసి, అధికారులతో ఒక మాట చెప్పమని అడిగాను.

"ఫోనుకు ఇయ్యరు. నువ్వు డ్యూటీకి పో," అని పెట్టేశారు.

నేను డ్యూటీకి పోలేదు. అమ్వాజ్‌లో భవనాల మరమ్మతు పని నాది. ఆ పనికి ఆ రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యాంపు భోజనశాలలో ఒక ఫోన్ ముందు ఐదుగురితో కలిసి కూర్చున్నాను. మా ప్రశ్న సభలో వినబడే క్షణాన్ని దాచుకుందామని నా ఫోన్‌తో రికార్డు చేస్తున్నాను. మొదటి ఐదు ప్రశ్నలు ఎవరూ అనుకోనంత తొందరగా అయిపోయాయి. స్పీకరు ఆరోది పిలిచారు. సారు పేరు రెండుసార్లు పిలిచారు. తెర మీద ఆయన కుర్చీ కనబడింది, ఖాళీగా. సమాధానం సభ ముందు ఉంచినట్టు భావించాలని చెప్పి, ఏదో పశువుల దవాఖానా గురించిన ఏడో ప్రశ్నకు వెళ్ళిపోయారు.

"ఏడున్నడే నీ సారు? ఖాళీ కుర్చీ చూసెటందుకా ఇస్త్రీ అంగి?" అన్నాడు రాజన్న. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. నవ్వులతో సహా ఆ వీడియోను గ్రూపులో పెట్టాను. కింద 'ఇది మన ప్రశ్న, ఇది మన సభ్యుని కుర్చీ' అని రాశాను. ఒక్క తప్పు లేకుండా రాశాను.

మూడో రోజు లచ్చయ్య బామ్మర్ది ఫోన్ చేశాడు. ఆ రోజు సారు స్వయంగా కార్గో షెడ్డుకు వచ్చారట. రెండు ఇంటిపేర్లూ ఒకే మనిషివని తన పూచీ మీద రాసిచ్చి, పెట్టె బయటికి వచ్చేదాకా నిలబడి, అంబులెన్సులో డ్రైవరు పక్కన కూర్చుని ఊరిదాకా వెళ్ళారట.

"ఆరో నంబరట, గంట పడ్తది, అందుకుంటా అన్నడన్నా. అక్క ఏడుసుడు జూసి ఇడిసిపెట్టి పోలే," అన్నాడు.

వెంటనే వీడియో తీసేశాను. అప్పటికే అది నా చెయ్యి దాటింది. తర్వాతి ఎన్నికల్లో ఎదుటి పార్టీవారు ప్రతి ఊరికీ దాన్ని పంపారు. రాజన్న గొంతుతో 'ఏడున్నడే నీ సారు' అనే మాట ప్రచార ఆటోల మైకుల్లో మోగింది. రెండు పర్యాయాల్లో ఆయన సభకు రాని ఉదయం నాకు తెలిసి అదొక్కటే. ఆయన ఓడిపోయారు.

క్షమాపణ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ రెండో వాక్యంలోనే కోపం వచ్చేసేది. వెళ్ళేముందు ఇంకో సభ్యుని చేతికి ఆ కాగితం ఇచ్చి అడగమంటే సరిపోయేది కదా? ఇరవై మందికి మార్జిన్ నేర్పిన మనిషికి ఆ ఒక్క ముక్క ఎందుకు తట్టలేదు? ఆ కోపంతోనే ఆ ఉత్తరం ఆగిపోయింది, ఇప్పుడు చిరునామా కూడా లేదు.

ఓడిన నెలకు ఆయన దగ్గరి నుంచి ఒక ఫోటో వచ్చింది. నా అనుబంధ ప్రశ్నల కాగితం అది, మడతలు పడి ఉంది. మొదటి రెండింటి మీద పెన్సిల్ గీత. మూడోదాని పక్కన మార్జిన్‌లో, 'ఇది ఉంచు, మళ్ళీ అడగాలె' అని. ఆ మూడోది ఇది: ఆ అధికారి ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చేయాలి? వీడియో గురించి ఒక్క అక్షరం లేదు. అందులో వినబడే గొంతులు ఎవరివో ఆయన గుర్తుపట్టకుండా ఉండరు. మాలో ఇద్దరికి చదువు చెప్పింది ఆయనే.

ఈ రాత కాగితం రెండో దిక్కుకు వచ్చేసింది. సారు ఒప్పుకోరు. అయినా ఎవరెవరు చదవాలో చెప్పి ముగిస్తాను. రాజన్నకు నేనే చదివి వినిపిస్తాను. ఆ తర్వాత ఇది, ఆ వీడియో ఇంకా ఎవరి ఫోన్‌లో ఉందో వాళ్ళు చదవాలి. చదివినవారిలో ఒకరు లచ్చయ్య భార్య దగ్గరికి వెళ్ళి, కార్గో షెడ్డు సంగతి దాకా చదివి వినిపించాలి. ఆపైన, ఏ పార్టీవారైనా సరే, ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటున్నవారికి ఇది చేర్చాలి. ప్రశ్న పైన ఉంది. మూడో అనుబంధ ప్రశ్న కూడా ఉంది. ఎడమ పక్క మార్జిన్ వదిలాను.