కత్తి దించాక ఆగని మనిషి

స్కూలు యూనిఫాంలు కుట్టే ఆ షెడ్డులో ఆవిణ్ణి అందరూ కటింగక్క అంటారు. అరవై పొరల బట్ట పేర్చి, పైన సుద్దతో గీత గీసి, కరెంటు కత్తి దించిందంటే గీత చివరికి చేరేదాకా తల ఎత్తదు. మధ్యలో ఆగితే పొరలు జారతాయని ఆవిడ పట్టుదల.

పదకొండేళ్లుగా కీళ్లవాతం. ఒంటికి కాపలా కాయాల్సిన రక్షక కణాలే కీళ్లమీద పడుతున్నాయని డాక్టరమ్మ చెప్పింది. వాటిని అదుపులో పెట్టే మాత్రలు, వేళ్లు కాస్త తేలికపడగానే మానేసి రెండు నెలలైంది. ఎవరికైనా చెప్పిందా? చెబితే కటింగక్క ఎందుకవుతుంది!

ఆ ఉదయం ఎడమ భుజం లాగేస్తోంది. దవడ కూడా. ‘పాత చుట్టమే’ అనుకుని పంటి బిగువున కత్తి దించింది. ఏ నొప్పి వచ్చినా కీళ్లమీదికి తోసెయ్యడం ఆవిడకు అలవాటు. సగం దాటేసరికి చెమట బొట్లుబొట్లుగా బట్టమీద పడింది. కత్తి గీత తప్పింది.

పక్క మిషను మీద కాలర్లు కుడుతున్న తోటికోడలు అది చూసి పరుగున వచ్చింది.

“అక్కా, ఆపు.”

“ఇంకో మూరెడే. భుజం నొప్పి, అంతే.”

“మొహంలో రక్తపు చుక్క లేదు. ఆపమంటుంటే!”

“పొరలు జారతాయే...”

“జారనీ!” అంటూ ప్లగ్గు పీకేసింది.

ఆస్పత్రిలో డాక్టరు, “నొప్పి ఎప్పట్నుంచి?” అన్నాడు. ‘ఇప్పుడే’ అనబోయింది. తోటికోడలి కళ్లలోకి చూసి, “తెల్లవారినప్పట్నుంచి” అని ఒప్పుకుంది. పరుగుల మీద లోపలికి తీసుకెళ్లి, గుండె రక్తనాళంలోని అడ్డు తొలగించారు.

మర్నాడు డాక్టరు, తోటికోడలు ఇంటినుంచి తెచ్చిన నిండు మాత్రల డబ్బాతో మంచం పక్కన నిలబడ్డాడు.

“నాకు కొలెస్ట్రాల్ ఎక్కువ లేదు కదండీ?”

“మరీ ఎక్కువేం లేదు. కీళ్లమీద పడ్డ కణాల్లాంటివే నాళం గోడలో చేరి, కొవ్వు మింగి ఉబ్బాయి. మాత్రలు మానేశారు, వాటికి పగ్గాల్లేవు. అలా పేరుకున్న పూడిక చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు.”

ఆవిడ ఎడమ భుజం తడుముకుంది.

“మరి ఏది కీళ్ల నొప్పో, ఏది గుండె నొప్పో నాకెలా తెలుస్తుంది?”

“మీకు తెలియక్కర్లేదు. మాకు చెప్పండి, చాలు.”

చాలట! ఆవిడకు అంతకంటే కష్టమైన పని ఇంకోటుందా?

సాయంత్రం తోటికోడలు టీ కోసం కిందికి వెళ్లిన కాసేపటికి, ఛాతీలో సన్నగా కలుక్కుమంది. ఏమీ కాకపోవచ్చు. దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకుంది. చచ్చిపోతానేమోనన్న భయం మొదటిసారి కలిగింది. చెయ్యి చాచి గంట నొక్కింది. నర్సు వచ్చేదాకా కూడా ఆగలేక, ఎవరూ లేని ఆ గదిలో, “నొప్పిగా ఉంది” అని గట్టిగా అరిచింది.